మూడు కొవ్వొత్తుల పాఠం

పళ్లెంలో రంగునీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, దానిమీద గాజు గ్లాసు బోర్లిస్తే కాసేపటికి మంట ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి ఎగబాకుతాయి. బడుల్లో ఏళ్ల తరబడి చూపిస్తున్న ప్రయోగమే ఇది. గాలిలో అయిదో వంతు ఉండే ఆక్సిజన్ ఖర్చయిపోయింది కనుక ఆ ఖాళీలోకి నీళ్లు చేరాయని పిల్లలు రాసుకుంటారు. ఆ వివరణ తప్పు.

తప్పని తేల్చడానికి మరో రెండు కొవ్వొత్తులు చాలు. అదే గ్లాసు కింద మూడు వెలిగిస్తే నీళ్లు ఇంకా పైకి ఎక్కుతాయి. గ్లాసులో ఆక్సిజన్ మూడింతలు కాలేదు కదా! పైగా మంట ఉన్నంతసేపూ నీళ్లు పెద్దగా కదలవు, ఆరుతుండగా గబుక్కున లేస్తాయి. వేడికి వ్యాకోచించిన గాలి కొంత ముందే బయటపడుతుంది. గ్లాసు అంచున ఒక్కోసారి బుడగలు కూడా కనిపిస్తాయి. మిగిలిన గాలి చల్లబడి సంకోచించగానే బయటి వాతావరణ పీడనం నీటిని లోపలికి నెడుతుంది. ఒక్క కొవ్వొత్తితో ఆగిపోయిన తరగతికి ఇదేదీ తెలియదు. ప్రయోగం చేసి కూడా అది తప్పునే నేర్చుకుంటుంది.

‘మరి మూడు పెడితే?’ లాంటి రెండో ప్రశ్నకు చోటిచ్చిన ప్రయత్నం మన దేశంలోనే జరిగింది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమం 1978 నాటికి జిల్లా అంతటికీ విస్తరించింది. అక్కడి ‘బాల వైజ్ఞానిక్’ పుస్తకాల్లో ప్రశ్నలూ ప్రయోగాలే తప్ప సిద్ధంగా వండిపెట్టిన జవాబులు లేవు. పిల్లలు తమ పరిశీలనలు తామే రాసుకునేవారు. టెల్కో కంపెనీలో ఇంజనీరుగా ఉన్న అరవింద్ గుప్తా సెలవు పెట్టి అక్కడికి వెళ్లింది 1978లోనే. సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలు అతికించి ఆయన బొమ్మలు కట్టించాడు. మూడు పుల్లల త్రిభుజం నొక్కినా వంగదు, నాలుగు పుల్లల చతురస్రం పక్కకు ఒరిగిపోతుంది. ఇనుప వంతెనల్లో అన్ని త్రిభుజాలు ఎందుకున్నాయో పిల్లలకు వేళ్లే చెబుతాయి.

ఆ కార్యక్రమానికి అసలు బలం మాత్రం పరీక్ష. పుస్తకం తెచ్చుకుని రాయనిచ్చేవారు, ప్రయోగం చేసి చూపాల్సి ఉండేది. రాష్ట్ర ప్రభుత్వం 2002లో దాన్ని ఆపేసింది.

తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లోనూ ‘కృత్యాలు’ చాలానే ఉన్నాయి. పరీక్ష దగ్గరికి వచ్చేసరికి అవి ఉద్దేశం, కావలసిన పరికరాలు, విధానం అనే శీర్షికల కింద కంఠతా పట్టే జవాబులైపోతున్నాయి. ముట్టుకోని పరికరం బొమ్మ నీటుగా గీసినా మార్కులు పడతాయి. టీచరును తప్పుపట్టి లాభం లేదు. సిలబస్ పూర్తి చేయాల్సింది ఆ పరీక్ష కోసమే. ప్రశ్నపత్రం కూర్చేవారు వచ్చే ఏడాది ఒక్క ప్రశ్న మార్చి చూడాలి: కొవ్వొత్తి ప్రయోగాన్ని వివరించమని కాకుండా, ఒకటికి బదులు మూడు పెడితే నీటి మట్టం ఏమవుతుంది, ఎందుకని అడగాలి.