సీసాలో ఏముందో అడిగే హక్కు

ఇంగ్లండులో ఒక అలవాటుంది. సెలవురోజున నలుగురూ కూడి, ఊళ్ళో ఒక పబ్బు నుంచి ఇంకో పబ్బుకు నడిచిపోతూ, ఒక్కోచోట ఒక్కో రకం 'రియల్ ఏల్' రుచి చూస్తారు. రియల్ ఏల్ అంటే పీపాలో ఇంకా పులుస్తూ వుండే బీరు. దాన్ని నాలుగురోజుల్లో తాగెయ్యాలి, లేకపోతే పాడవుతుంది. పెద్ద కంపెనీలు ఆ బీరును తప్పించి, ఎన్నాళ్ళైనా నిలవుండే గ్యాసు బీరును ప్రజల మీద రుద్దుతున్న కాలంలో, 1971లో, తాగేవాళ్ళే కలిసి 'కామ్రా' అనే సంస్థ పెట్టుకున్నారు. మేం తాగేది ఏమిటో, ఎవరు కాచారో, ఎట్లా కాచారో మాకు తెలియాలి అన్నారు. తాగుబోతుల గోల అని అందరూ నవ్వి వూరుకోలేదు. అదొక వినియోగదారుల ఉద్యమమైంది.

స్త్రీల హక్కుల పత్రికలో ఈ సంగతి ఎందుకని అడగవచ్చు. ఆ పబ్బుల్లోకి స్త్రీలు వెళ్ళడం కూడా పోరాడి తెచ్చుకున్నదే. లండన్‌లో ఒకప్పుడు పత్రికా కార్యాలయాలుండిన ఫ్లీట్ స్ట్రీట్‌లో 'ఎల్ వీనో' అనే మద్యశాల వుంది. అప్పట్లో అక్కడ కౌంటరు దగ్గర నిలబడి తాగే హక్కు మగవాళ్ళకే వుండేది. ఆడవాళ్ళు వెనకగదిలో కూర్చోవలసి వచ్చేది. ఇద్దరు స్త్రీలు కోర్టుకెక్కితే, 1982లో అప్పీలు కోర్టు ఇది లింగవివక్షేనని తేల్చింది. మన దేశంలో మద్యం అమ్మేచోట స్త్రీలు ఉద్యోగం చెయ్యరాదన్న పంజాబు ఆబ్కారీ చట్టంలోని నిషేధాన్ని సుప్రీంకోర్టు 2007లో కొట్టేసింది. 2009 జనవరిలో మంగుళూరులో పబ్బులో కూర్చున్న అమ్మాయిలను సంస్కృతి పేరుతో కొట్టారు. తాగడం మంచిదా చెడ్డదా అన్నది అక్కడ చర్చే కాదు. ఆడది ఎక్కడ కూర్చోవాలో మగవాడు నిర్ణయించడమే అసలు విషయం.

ఇప్పుడు మన బొంరాస్‌పేట వైపు చూద్దాం. పరిగి నుంచి కొడంగల్ పోయే దారిలో వున్న మండలం. 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో వుండేది, తర్వాత వికారాబాద్ జిల్లాలో చేరింది. ముంబయికి, పూణేకు వలసపోయే కుటుంబాలు, తండాలు, వానమీద ఆధారపడ్డ కంది చేలు. ఇక్కడ పొద్దంతా కలుపు తీసిన ఆడమనిషి సాయంత్రం కల్లు దుకాణం దగ్గర కూర్చుంటే ఎవరూ వేలెత్తి చూపరు. మైసమ్మకు సాక పోసేది కల్లే, పెళ్ళికి, చావుకు, పండుగకు కావలసిందీ కల్లే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో పదిహేనేళ్ళు దాటిన స్త్రీలలో మద్యం తాగేవాళ్ళు 1.3 శాతం, తెలంగాణ పల్లెల్లో 9 శాతం. ఈ లెక్క చూసి సిగ్గుపడేవాళ్ళున్నారు. సిగ్గుపడాల్సింది అక్కడ కాదు. లండన్ స్త్రీ కోర్టుకెక్కి తెచ్చుకున్న చోటు మన కూలి తల్లికి ముందునుంచీ వుంది. లేనిదల్లా కామ్రా వాళ్ళు అడిగిన ఆ మొదటి ప్రశ్న అడిగే బలం. అవ్వా, ఈ సీసాలో ఏముంది?

కల్లు కూడా రియల్ ఏల్ లాంటిదే. పొద్దున చెట్టు దించినప్పుడు తీయగా వుంటుంది, ఎండ ఎక్కేకొద్దీ పులుస్తుంది, మర్నాటికి పుల్లబడిపోతుంది. ఈతకల్లు రుచి వేరు, తాటికల్లు రుచి వేరు. ఋతువును బట్టి చెట్టు ఇచ్చేది పెరుగుతుంది, తగ్గుతుంది. ఈ లెక్కన ఏ దుకాణంలోనైనా పొద్దుటికీ రాత్రికీ, చలికాలానికీ వానాకాలానికీ ఒకే రుచి, ఒకే మత్తు వుందంటే అది చెట్టు నుంచి వచ్చింది కాదని తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఆ మత్తు క్లోరల్ హైడ్రేట్‌ది, డైజోఫాంది, అల్ప్రజోలాందీ. తీపి శాకరిన్‌ది. డైజోఫాం, అల్ప్రజోలాం మాదకద్రవ్యాల చట్టం (1985) కిందికి వచ్చే మందులు. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడనివి. వాటిని పది రూపాయల కూలి అలసటకు మందుగా అమ్ముతున్నారు.

దీని ఫలితం మన జిల్లాకు తెలియనిది కాదు. 2021 జనవరిలో వికారాబాద్, నవాబ్‌పేట మండలాల్లో కల్లు తాగి వందమందికి పైగా జబ్బుపడ్డారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లుకు పలువురు బలయ్యారు. వాళ్ళలో స్త్రీలూ వున్నారు. ప్రతిసారీ జరిగేది ఒకటే. దుకాణం మూస్తారు, నలుగురిని అరెస్టు చేస్తారు, పేపర్లలో ఫోటోలు వస్తాయి, నెల తిరక్కముందే అంతా సద్దుమణుగుతుంది.

మూసెయ్యడం కూడా మందు కాదని గుర్తుంచుకోవాలి. 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ మీద దాడులు జరిగి మత్తుకల్లు ఒక్కసారి ఆగిపోతే, వందలమంది చేతులు వణుకుతూ, నిద్రపట్టక, ఫిట్లు వచ్చి, తమలో తాము మాట్లాడుకుంటూ ఆసుపత్రులకు చేరారు. కొందరు చనిపోయారు. 'వింత ప్రవర్తన' అని రాశారు పత్రికలవాళ్ళు. అందులో వింత లేదు. ఈ రకం మందులకు శరీరం అలవాటుపడ్డాక ఒక్కసారి ఆపితే అట్లాగే అవుతుంది. డాక్టరు చూస్తుండగా మెల్లగా తగ్గించాలి. ఇది వైద్యంలో ఎప్పటినుంచో తెలిసిన విషయం. దాడులు చేసే శాఖకు ఆసుపత్రి గుర్తుండదు, ఆసుపత్రికి దాడి సంగతి తెలియదు. మధ్యలో వణికేది పేదవాళ్ళు. మగవాడు వణికితే చూసుకునే భార్య వుంటుంది. ఆడమనిషి వణికితే 'తాగుబోతుది' అన్న పేరొకటి అదనం.

మన ఉద్యమాల చరిత్రను ఇక్కడ తలుచుకోవాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకున్న స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం 1992లో రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1న సారా పోయింది, 1995 జనవరి 16న మద్యనిషేధం వచ్చింది, 1997లో అదీ పోయింది. ఆ నిషేధంలోనూ కల్లుకు మినహాయింపు వుంది. కల్లు మన పోరాటానికి బయటే వుండిపోయింది. దానికి కారణాలున్నాయి. అది గీత కార్మికుల బతుకు. చెట్టెక్కి పడి నడుము విరిగినవాడి కుటుంబం మనకు శత్రువు కాదు. సారా కాంట్రాక్టరును, గౌడ కులస్తుడిని ఒకే గాటన కట్టలేం. కానీ ఆ గౌరవం చాటున చెట్టు లేని కల్లు పెరిగింది. దానివల్ల తాగేవాళ్ళు చస్తున్నారు, నిజమైన గీతగాడికి గిరాకీ పోతోంది. కల్తీ మీద పోరాటం గీత కార్మికుడి తరఫున చేసే పోరాటం కూడా.

నగరంలో అమ్మాయి పబ్బులో కూర్చునే హక్కు గురించి, పల్లెలో తల్లి బెల్టు షాపు మూయించే హక్కు గురించి మాట్లాడినప్పుడు మనవాళ్ళే ఇది రెండు నాలుకల ధోరణి అంటుంటారు. నాకట్లా తోచదు. రెండుచోట్లా అడుగుతున్నది ఒకటే. నా ఒంట్లోకి ఏం పోవాలో, నా ఇంటి కూలిడబ్బు ఎటు పోవాలో, నేనెక్కడ కూర్చోవాలో నిర్ణయించడంలో నాకు మాట వుండాలి. 2023లో తెలంగాణ ప్రభుత్వం 2,620 మద్యం దుకాణాల కోసం ఒక్కో దరఖాస్తుకు రెండు లక్షల రూపాయలు తీసుకుంది. లక్షకు పైగా దరఖాస్తులు వచ్చాయి. తిరిగి ఇవ్వని ఆ రుసుము మీదే 2,600 కోట్లకు పైగా రాబడి. దుకాణం పెట్టేవాడి మాట వినడానికి ఇంత ఏర్పాటుంది. తాగేవాళ్ళ మాట, వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళ మాట వినడానికి ఏ కిటికీ వుంది?

అందుకే సంఘాలకు ఒక పని సూచిస్తున్నాను. ఇంగ్లండు వాళ్ళలాగే మనమూ ఒక రోజు నడుద్దాం. బొంరాస్‌పేటలో మొదలుపెట్టి తుంకిమెట్ల దాకా, దారిలోని తండాలు కలుపుకుని, దుకాణం నుంచి దుకాణానికి. ప్రతిచోటా మూడే ప్రశ్నలు. లైసెన్సు మీద చూపిన చెట్లెన్ని? అవి ఎక్కడున్నాయి? రోజుకు అమ్మే సీసాలెన్ని? ఒక చెట్టు రోజుకు ఇచ్చేది కొద్ది లీటర్లే. చెట్ల లెక్కకూ సీసాల లెక్కకూ పొత్తు కుదరకపోతే మిగిలింది ఎక్కడిదో ఆబ్కారీ శాఖ చెప్పాలి. ఆ శాఖ పేరులో 'మద్యనిషేధం' అన్న మాట ఇంకా వుంది కదా. నమూనాలు ఎప్పుడు తీశారు, పరీక్షలో ఏం తేలింది అని సమాచార హక్కు చట్టం (2005) కింద అడుగుదాం. ఆ జవాబును గ్రామసభలో బిగ్గరగా చదువుదాం.

దాడులు చేసే ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు, శిక్షణ పొందిన డాక్టరు, జిల్లా ఆసుపత్రిలో ఆడవాళ్ళకు వేరే మంచాలు సిద్ధం చెయ్యాలని కలెక్టరును డిమాండ్ చెయ్యాలి. తాగే స్త్రీని మన సమావేశాలకు పిలవాలి. నీతులు చెప్పడానికి కాదు, ఆమె చెప్పేది వినడానికి. ఏ దుకాణం కల్లు తాగితే నాలుక మొద్దుబారుతుందో, ఏది తాగకపోతే రాత్రి చెయ్యి వణుకుతుందో ఏ ఇన్స్పెక్టరుకన్నా ఆమెకే బాగా తెలుసు.