నీళ్ళు మోసే వేడి

మా ఇంట్లో ఫ్రిజ్ పాతది. వానాకాలంలో దాని వెనక సందులో మా ఆవిడ తడిగుడ్డలు ఆరేస్తూ వుంటుంది. ముందు తలుపు తీస్తే చల్లన, వెనక చెయ్యి పెడితే వెచ్చన. ఆ వెచ్చదనం లోపలి కూరగాయల దగ్గర లాక్కున్నదేనన్న సంగతి మొన్నటిదాకా నాకు తట్టలేదు. తట్టించినవాడు మా మేనల్లుడు.

వాడు చలిదేశంలో భవనాలకు హీట్‌పంపులు అమర్చే ఇంజనీరు. సెలవు మీద మా పటేల్‌గూడ వచ్చాడు. ఆ ఆదివారమే మా అపార్టుమెంటు సంఘం సమావేశం. ఒక చేత కరెంటు బిల్లు, మరో చేత నీళ్ళ టాంకరు బిల్లు పట్టుకుని అందరం దిగాలుగా కూర్చున్నాం.

"నీటితో నడిచే హీట్‌పంపు పెట్టించండి మామయ్యా" అన్నాడు మావాడు.

ఇదేమీ కొత్త వింత కాదట. వేడిని పుట్టించడం కంటే ఒకచోటినించి మరోచోటికి మోయడం చవక అని 1852లోనే లార్డ్ కెల్విన్ చెప్పాడు. 1938లో జ్యూరిచ్ నగర సభాభవనాన్ని పక్కనే పారే లిమ్మాత్ నది నీటిలోని వేడితో వెచ్చబరిచారు. నది చల్లనిదే, అయినా అందులో వేడి వుంటుంది. యంత్రం దాన్ని పోగుచేసి ఇంట్లోకి తోస్తుంది. మనబోటి వేడిదేశంలో అదే యంత్రాన్ని తిరగేసి, గదిలోని వేడిని నీళ్ళలోకి తోయవచ్చు.

మా హైదరాబాదు ప్రాంతంలో ఎండాకాలం గాలి 40 డిగ్రీలు దాటుతుంది. బోరునీళ్ళు మాత్రం ఏడాది పొడుగునా 27 డిగ్రీల దగ్గరే వుంటాయి. మండే గాలిలోకి వేడిని తోయడం నెత్తిన మూటతో మెట్లెక్కడం వంటిది, చల్లని నీటిలోకి తోయడం అరుగు మీద మూట దించడం వంటిది. స్నానపు నీళ్ళ సంగతీ అంతే. 100 లీటర్లను 27 నించి 55 డిగ్రీలకు కాచడానికి గీజరు మూడు యూనిట్లకు పైగా మింగుతుంది. హీట్‌పంపుకు సుమారు ఒక్క యూనిట్టు చాలు.

ఇంకేం! రంగులు వేయించడానికి దాచిన సంఘం డబ్బుతో కొత్త బోరు వేయిద్దామన్నారు. అందరికంటే ముందు చెయ్యెత్తినవాణ్ణి నేనే.

ఇంతలో ఆడవాళ్ళ వరసలోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "అదంతా బాగానే వుంది గాని, రోజుకెన్ని నీళ్ళు కావాలిరా దానికి?"

"అవి మురికి కావత్తయ్యా, కాస్త వెచ్చబడి బయటికొస్తాయి, అంతే."

"ఎన్ని అని అడిగాను."

మావాడు కాగితం తీశాడు. ఒక టన్ను యంత్రం ఏకధాటిగా నడిస్తే, నీళ్ళు 5 డిగ్రీలు వేడెక్కేటట్టు చూసుకున్నా, నిమిషానికి 12 లీటర్లు కావాలి. రాత్రి ఎనిమిది గంటలకు దాదాపు 5,900 లీటర్లు. అంటే ఒక్క పడగ్గదికి ఒక్క రాత్రికి ఒక టాంకరు పైచిలుకు! పైగా 500 అడుగుల లోతునించి ఆ నీళ్ళు పైకి తోడడానికి గంటకు అర యూనిట్టు దాటుతుంది. మిగిలిందనుకున్నది మోటారే మింగేస్తుంది. సమావేశంలో చప్పుడు లేదు.

"వాడిన నీళ్ళు మరో బోరులోకి దింపితే?" అన్నారు కింద వాటా రిటైర్డు మాస్టారు.

కొన్ని దేశాల్లో అలా చేస్తారు. కాని మా కింద వున్నది నల్లరాయి. నీళ్ళు దాని పగుళ్ళలోనే వుంటాయి. ఒక పగులులో తోడినవి మరో పగులులో దింపితే తిరిగి వచ్చి చేరతాయన్న పూచీ లేదు. ఆపైన, పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగునూ భూగర్భజలాన్నీ ఎంత పాడుచేశాయో ఈ ప్రాంతపు పల్లెలకు తెలుసు. ఆ గొడవ మీద 1990లో సుప్రీంకోర్టుదాకా వెళ్ళారు. ఇక్కడ బోరులోకి ఏది దింపాలన్నా ఒకటికి పదిసార్లు ఆలోచించాలి.

"అయితే నది లేనిచోట నదిని గొట్టంలో పెట్టుకోవాలి" అన్నాడు మావాడు కాసేపటికి. అవే నీళ్ళు గొట్టాల్లో తిరుగుతూ గదుల వేడి మోసుకుపోయి, మేడమీద కూలింగ్ టవరులో చల్లబడి మళ్ళీ దిగిరావడమన్నమాట. అప్పుడు ఆ 5,900 లీటర్లకు బదులు 50 లీటర్లు ఆవిరవుతాయి. ఉప్పు పేరుకోకుండా మార్చే నీళ్ళు కూడా కలిపితే నాలుగైదు బిందెలు. ఆ వేడిని టవరుకు పోనివ్వకుండా తొట్టిలోకి మళ్ళిస్తే, ఒక రాత్రి వేడితో దాదాపు 1,000 లీటర్ల స్నానపు నీళ్ళు కాగుతాయి.

కాని ఎండాకాలంలో వేన్నీళ్ళెవరికి? అందుకే చల్లని గదులూ వేన్నీళ్ళూ ఏడాది పొడుగునా కావలసిన ఆస్పత్రులకూ హాస్టళ్ళకూ ఇది బాగా అతుకుతుందని వాడే ఒప్పుకున్నాడు. ఇక పోషణ సంగతి. మా నీళ్ళలో సున్నం ఎక్కువ. మా ఇంట్లో వేన్నీళ్ళ గిన్నెకు తెల్లని పొర కడుతుంది. అదే పొర యంత్రం గొట్టాల్లో కడితే వేడి దాటదు, బిల్లు పెరుగుతుంది. కనక నీటి కాఠిన్యం తగ్గించే పరికరం ముందే పెట్టాలి, జల్లెడలు వేళకు కడగాలి, ఏడాదికోసారైనా పొర కరిగించాలి. యంత్రం కొనేనాడు వున్న ఉత్సాహం జల్లెడ కడిగేనాడు ఎందరికి వుంటుందో మీకు వేరే చెప్పాలా?

చివరికి కొత్త బోరు మాట మానుకున్నాం. మేడమీద ఉమ్మడి వేన్నీళ్ళ తొట్టికి చిన్న హీట్‌పంపు పెట్టి ఏడాది చూద్దామని తీర్మానించాం. దానికి వేడినిచ్చేవి మంచినీళ్ళ సంపులోని నీళ్ళే. అవి కాస్త చల్లబడి తిరిగి సంపులోకే వస్తాయి, చుక్క తగ్గదు. జల్లెడ కడిగే పని, ముందు చెయ్యెత్తిన పాపానికి, నా మెడకు తగిలించారు.

ఇంటికొస్తూ మా ఆవిడను, "నీకీ లెక్క ఎలా తట్టిందే?" అని అడిగాను.

"టాంకరు వాడికి రోజూ తలుపు తీసేది ఎవరు?" అంది.