గోల్ఫ్ బయళ్ళు అన్ని వయస్సులవారికీ ఆటపట్టు కావాలి

తాతా మనుమరాలూ ఒకే బరిలోకి దిగి, ఒకరిపై ఒకరు జాలి చూపకుండా నిజమైన పోటీ ఆడగలిగిన క్రీడలు ప్రపంచంలో వేళ్ళమీద లెక్కించదగినన్ని మాత్రమే. క్రికెట్‌లో అరవై ఏళ్ళ వృద్ధుడు పాతికేళ్ళ వేగపు బౌలర్‌ను ఎదుర్కోవడం సాహసం కాదు, ప్రమాదం. కబడ్డీలోనూ ఫుట్‌బాల్‌లోనూ వయస్సు మీదపడినవారికి మిగిలేది గట్టుమీది ప్రేక్షకస్థానమే. గోల్ఫ్ మాత్రం ఈ సూత్రానికి మినహాయింపు. అందులో ప్రత్యర్థి బంతిని అడ్డుకొనేవారు ఉండరు. ఎవరి బంతి వారిది, ఎవరి దెబ్బల లెక్క వారిది. సర్వ వయస్సులవారికీ సమానంగా చెందవలసిన ఈ ఆట, ఆచరణలో బలవంతులైన కొద్దిమంది మగవారికీ, కలవారికీ సొంత సొత్తుగా మారడం శోచనీయం. ఈ దుస్థితికి ఆట నియమాలు కారణం కావు. మైదానాల నిర్మాణమూ, వాటి తలుపుల వద్ద ఉన్న కాపలాయే కారణం.

అసమానులను సమానులుగా నిలబెట్టడానికి గోల్ఫ్ ఏనాడో ఒక ఉపాయం కనిపెట్టింది. అదే హ్యాండీక్యాప్ విధానం. క్రీడాకారుని గత ప్రదర్శనలను బట్టి అతనికి కొన్ని దెబ్బల వెసులుబాటు లభిస్తుంది. నేర్పరి 75 దెబ్బల్లో ముగించిన ఆటను కొత్తవాడు 100 దెబ్బల్లో ముగించినా, వెసులుబాటు తీసివేసి చూస్తే ఇద్దరూ సమవుజ్జీలు కావచ్చు. వేర్వేరు దేశాల్లో అమలులో ఉన్న ఆరు పద్ధతులను ఏకం చేస్తూ 2020లో ప్రపంచ హ్యాండీక్యాప్ విధానం అమలులోకి వచ్చింది. స్త్రీ పురుష భేదం లేకుండా గరిష్ఠ పరిమితిని 54గా నిర్ణయించడం, తొమ్మిది రంధ్రాల ఆటను సైతం లెక్కలోకి తీసుకోవడం అందులోని విశేషాలు. కొత్తగా చేరేవారికి ఇది స్వాగత తోరణం వంటిదే. అయితే కాగితంమీది లెక్క సరిపోయినంత మాత్రాన నేలమీది ఆనందం సరిపోదు. ప్రతి రంధ్రం వద్దా బంతిని చెరువులో పారవేసుకొనేవారికి చివరలో కొన్ని దెబ్బలు తగ్గించి ఓదార్చడం, ఆకలిగొన్నవానికి భోజనం బదులు రసీదు చేతికిచ్చినట్లే ఉంటుంది.

కొద్దిపాటి గణితం ఈ విషయాన్ని తేటతెల్లం చేస్తుంది. అమెరికా పురుషుల వృత్తి పోటీల్లో ఆడేవారు తొలి దెబ్బకు బంతిని సగటున దాదాపు 300 గజాలు పంపుతారు. సరదాకు ఆడే సామాన్య పురుషుల సగటు సుమారు 215 గజాలు. స్త్రీల సగటు 150 గజాలకు కాస్త తక్కువే. 400 గజాల దూరంలో ఉన్న రంధ్రాన్ని తీసుకుంటే, వృత్తి క్రీడాకారుడు రెండో దెబ్బకు తేలికగా పచ్చికపీటను, అంటే గ్రీన్‌ను చేరుకుంటాడు. సామాన్యుడు రెండు దెబ్బలూ నిర్దుష్టంగా కొడితే తప్ప చేరలేడు. సగటు స్త్రీకి మూడు దెబ్బలు తప్పవు. ఈ నిష్పత్తి ప్రకారం, వృత్తి క్రీడాకారునికి 7,200 గజాల మైదానం ఎంతటి పరీక్షో, సామాన్య పురుషునికి సుమారు 5,200 గజాలు, స్త్రీకి సుమారు 3,600 గజాలు అంతటి పరీక్ష. కాని స్త్రీలకోసమని ఎర్రగుర్తులు పెట్టిన ఆరంభస్థానాలనుంచి కొలిచినా అనేక మైదానాల పొడవు 5,000 గజాలు దాటే ఉంటోంది. వృద్ధులకూ బాలలకూ ప్రత్యేకించి ఏర్పాటే లేని చోట్లు కోకొల్లలు. పది పన్నెండేళ్ళ పిల్లను అటువంటి చోట నిలబెట్టడమంటే, ఒకటో తరగతి విద్యార్థికి పట్టభద్రుల ప్రశ్నపత్రం ఇవ్వడమే.

నిజానికి ఈ జ్ఞానం కొత్తది కాదు. గోల్ఫ్‌కు పుట్టినిల్లుగా భావించే స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ పాత మైదానమే ఇందుకు తార్కాణం. అది ప్రజల ఉమ్మడి నేల. ఆదివారాలు సాధారణంగా ఆట ఉండదు. ఊరివారు ఆ పచ్చికమీద షికారుకు వెళతారు. అక్కడి బయళ్ళు విశాలమైనవి. భయస్తుడు ఇసుక గుంటలను తప్పించుకొని దూరపు దారిన సాగవచ్చు. సాహసి వాటి పక్కనుంచే దగ్గరి దారి పట్టి లాభపడవచ్చు, లేదా చిక్కుకొని నష్టపోవచ్చు. ఆ పక్కనే బాలలకూ కొత్తవారికీ తొమ్మిది రంధ్రాల చిన్న మైదానం ఉంది. 1867లో స్త్రీల క్లబ్బు ఆధ్వర్యాన వెలసిన మిట్టపల్లాల పచ్చికపీటకు 'హిమాలయాలు' అని ముద్దుపేరు. స్వల్ప రుసుము చెల్లించి అక్కడ ఎవరైనా బంతిని దొర్లించుకోవచ్చు. శస్త్రవైద్య వృత్తిని విడిచి మైదానాల శిల్పిగా ఖ్యాతి గడించిన అలిస్టర్ మెకంజీ, 1920లో ప్రకటించిన తన గ్రంథంలో, అంతంతమాత్రం ఆడేవారు సైతం ఆనందించగలిగినదే ఆదర్శ మైదానమని సూత్రీకరించారు. బాబీ జోన్స్‌తో కలిసి ఆయన రూపుదిద్దిన అగస్టా మైదానంలో తొలినాళ్ళలో ఇసుక గుంటలు కొద్దిగానే ఉండేవి.

ఆ వివేకం మధ్యలో మరుగున పడింది. టెలివిజన్‌లో ప్రసారమయ్యే పోటీలకు అనువుగా ఉండటమే మైదానపు గొప్పతనమన్న భ్రమ ప్రబలింది. మన దేశంలో ఆర్థిక సంస్కరణల అనంతరం ఖరీదైన నివాస సముదాయాలు వెలసినకొద్దీ, వాటి నడుమ విదేశీ శిల్పులు గీసిన పొడవాటి మైదానాలూ వెలిశాయి. ఇళ్ళ అమ్మకపు ప్రకటనల్లో చెప్పుకోవడానికి పొడవూ, చెరువులూ, ఇసుక గుంటలూ పనికివచ్చి ఉండవచ్చు. కాని ఆ ఇళ్ళు కొన్నవారిలోనే ఎంతోమంది ఆ చెరువులు దాటలేక విసిగి ఆట మానుకొంటే ప్రయోజనమేమిటి? పొడవు పెరిగినకొద్దీ నీరూ, ఎరువూ, కోతఖర్చూ పెరుగుతాయి. వేసవిలో ఒక పెద్ద మైదానం రోజుకు లక్షల లీటర్ల నీరు తాగుతుంది. తాగునీటికి కటకటలాడే నగరాల్లో, నూటికి ఏ ఒకరిద్దరో చేరుకోగల దూరాలకు నీరు పోయడం ఆర్థికంగానూ నైతికంగానూ సమర్థనీయం కాదు.

పరిష్కారాలు కష్టసాధ్యమైనవి కావు, ఖరీదైనవీ కావు. మొదటిది ఆరంభస్థానాలను ముందుకు జరపడం. ఫెయిర్‌వే మీద ఒక చదునైన చోటు చూసి, గడ్డిని కురచగా కత్తిరించి, గుర్తులు పాతితే చాలు. అమెరికా మైదాన శిల్పి అలిస్ డై స్త్రీల బలాబలాలకు తగిన ఆరంభస్థానాలకోసం దశాబ్దాల తరబడి పోరాడారు. 2011లో అక్కడి గోల్ఫ్ సంస్థలు 'ముందుకు జరిగి ఆడండి' అన్న ఉద్యమాన్ని చేపట్టాయి. ఆడ, మగ, వృద్ధులు అన్న పేర్లు తీసివేసి, తొలి దెబ్బ ఎంత దూరం పోతుందన్న ప్రాతిపదికనే ఎవరు ఎక్కడనుంచి ఆడాలో సూచించే పద్ధతి కూడా అక్కడ ఆచరణలో ఉంది. ఇందువల్ల అరవై దాటినవారికి 'ఆడవారి గుర్తులనుంచి ఆడటమా' అన్న బిడియం తొలగిపోతుంది. రెండవది, ఆటంకాలను దారికి అడ్డంగా కాక పక్కన ఉంచడం. అడ్డంగా ఉన్న చెరువును బలహీనుడు దాటలేడు. పక్కనున్న చెరువును జాగ్రత్తతో తప్పించుకోగలడు. మూడవది, బయలును వెడల్పు చేసి, అంచుల్లో గడ్డిని మరీ ఏపుగా పెరగనీయకపోవడం. 2019లో సవరించిన నియమాలు బంతిని వెదికే గడువును ఐదు నిమిషాలనుంచి మూడుకు తగ్గించాయి. వెదకవలసిన అవసరాన్నే తగ్గించగలిగేది మైదానం. నాల్గవది, నాలుగైదు గంటలు వెచ్చించలేనివారికి తొమ్మిది రంధ్రాల ఆటను గౌరవప్రదమైన ఆటగా గుర్తించడం.

ఆటను తేలిక చేస్తే దాని స్థాయి దిగజారదా అన్న ప్రశ్న ఎదురుకాక మానదు. పొడవొక్కటే కష్టానికి కొలమానమనుకొనేవారి సందేహమిది. 2016లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో జరిగిన ఆసియా స్థాయి పోటీలో యువకులనందరినీ వెనక్కి నెట్టి విజేతగా నిలిచిన మహూ క్రీడాకారుడు ముకేశ్ కుమార్ వయస్సు 51 ఏళ్ళు. పొదల నడుమ ఇరుకుగా సాగే ఆ మైదానంలో బలంకన్నా గురికి విలువ ఎక్కువ. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క దెబ్బ తేడాతో కాంస్య పతకాన్ని చేజార్చుకొని నాల్గవ స్థానంలో నిలిచిన బెంగుళూరు యువతి అదితి అశోక్, ఆ పోటీలో బంతిని అతి తక్కువ దూరం కొట్టేవారిలో ఒకరు. పచ్చికపీటమీద ఆమె నేర్పే ఆమెను అంత ఎత్తున నిలిపింది. దూరం తగ్గించినా గురి, ఓర్పు, నిర్ణయశక్తి అనే పరీక్షలు చెక్కుచెదరవని ఈ రెండు ఉదంతాలూ చాటుతున్నాయి. పోటీలకోసం వెనుకటి గుర్తులు ఎలాగూ ఉండనే ఉంటాయి. వాటిని పీకివేయాలని ఎవరూ కోరడం లేదు.

శారీరక వైకల్యం ఉన్నవారి విషయం మరింత ఆలోచించదగినది. వినికిడి లోపాన్ని జయించిన దీక్షా డాగర్ బధిరుల ఒలింపిక్స్‌లో 2017లో రజతాన్నీ, 2022లో జరిగిన క్రీడల్లో స్వర్ణాన్నీ సాధించడమే కాక, టోక్యో ఒలింపిక్స్‌లోనూ దేశానికి ప్రాతినిధ్యం వహించింది. అంధులకూ, అవయవాలు కోల్పోయినవారికీ, చక్రాల కుర్చీ వంటి సాధనాలపై ఆధారపడేవారికీ వర్తించే సడలింపులను 2023నుంచి గోల్ఫ్ నియమావళిలోనే అంతర్భాగం చేశారు. పుస్తకంలోని నియమం ఫలించాలంటే మైదానంలో బాట ఉండాలి. నిటారుగా ఉన్న గట్లూ, మెట్లతో తప్ప చేరలేని ఆరంభస్థానాలూ, లోతైన ఇసుక గుంటలూ ఉన్నంతకాలం ఆ నియమం అలంకారప్రాయమే.

మైదానపు రూపం ఎంత మారినా ప్రవేశద్వారం మూసి ఉంటే ఫలితం శూన్యం. బ్రిటిష్ దీవులకు వెలుపల అతి పురాతనమైన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బు 1829లోనే స్థాపితమైంది. రెండు శతాబ్దాల చరిత్ర ఉన్నా, దక్షిణాసియాలో సామాన్య కుటుంబాల బిడ్డలు ఈ ఆటలోకి వచ్చింది ఎక్కువగా దొడ్డిదారినే. ఢిల్లీలో సంచులు మోసే క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయ వృత్తి క్రీడాకారుడయ్యాడు. 2016, 2017లలో వరుసగా అదే పోటీ నెగ్గిన చౌరాసియా, రాయల్ కలకత్తాలో పచ్చిక సంరక్షించే ఉద్యోగి కుమారుడు. 2013లో అదే టైటిల్ గెలిచిన బంగ్లాదేశ్ క్రీడాకారుడు సిద్దికుర్ రహమాన్ ఢాకాలోని కుర్మిటోలా మైదానంలో బంతులు ఏరిన బాలుడు. నేపాల్ యువతి ప్రతిమా షెర్పా ఖాట్మండు మైదానపు కార్మికుల బిడ్డ. గోడకు అవతల పుట్టినందువల్ల కాక, గోడలోపల పనిచేసేవారి ఇంట పుట్టినందువల్ల వీరికి అవకాశం చిక్కింది. గోడ బయట ఎందరి ప్రతిభ మొలకెత్తకుండానే మాడిపోయిందో లెక్క చెప్పగలవారెవరు?

పేద దేశంలో గోల్ఫ్ గురించి ఇంత చర్చ అవసరమా అని విమర్శకులు అడగవచ్చు. ప్రశ్న సహేతుకమే. కాని ఈ మైదానాల్లో పెక్కు ప్రజల ఆస్తి అన్నది మరువరాదు. సైనిక భూముల్లో 97 గోల్ఫ్ మైదానాలు 8,000 ఎకరాలకు మించి విస్తరించి ఉన్నాయని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2010-11 నాటి నివేదికలో ఎత్తిచూపడం గమనార్హం. నగరాల నడిబొడ్డున ప్రభుత్వం లీజుకిచ్చిన నేలల్లో నడిచే క్లబ్బులు వీటికి అదనం. హైదరాబాదులో గోల్కొండ నయా కిలా పక్కన పరచుకొన్న మైదానాన్ని చూసిన సందర్శకులలో ఎందరు అందులో అడుగుపెట్టి ఉంటారు? నేల ప్రజలది అయినప్పుడు, దాని ఉపయోగం ఎందరికి అన్న ప్రశ్న విలాసానికి కాక న్యాయానికి సంబంధించినది.

దారి చూపే ఉదాహరణలు లేకపోలేదు. 2000లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ లాడో సరాయిలో ప్రారంభించిన కుతుబ్ మైదానంలో సభ్యత్వంతో నిమిత్తం లేకుండా రుసుము చెల్లించినవారెవరైనా ఆడవచ్చు. కాశ్మీరులోని గుల్‌మార్గ్ మైదానం పర్యాటకులకు తెరిచే ఉంటుంది. ఇటువంటివి ప్రతి రాష్ట్రంలోనూ ఒకటి రెండైనా వెలియాలి. కొత్తగా పెద్ద మైదానాలే అక్కరలేదు. ముప్పయి నలభై ఎకరాల్లో తొమ్మిది చిన్న రంధ్రాలూ, శుద్ధిచేసిన మురుగునీటితో పెంచిన పచ్చికా, అద్దెకు దొరికే కర్రలూ చాలు. ప్రభుత్వ భూమిని అనుభవిస్తున్న క్లబ్బుల లీజు పునరుద్ధరణ సమయంలో, వారంలో కొన్ని గంటలు పాఠశాలల పిల్లలకూ, వృద్ధులకూ, వికలాంగులకూ కేటాయించాలనీ, వారికి తగిన ఆరంభస్థానాలు ఏర్పరచాలనీ షరతు విధించడం ప్రభుత్వాలకు అసాధ్యమేమీ కాదు.

మైదానం గొప్పతనాన్ని అక్కడ ఓడిపోయినవారి సంఖ్యతో కొలిచే అలవాటు పోవాలి. ఒకసారి ఆడినవారిలో ఎందరు మరునాడు మళ్ళీ రావాలనుకొన్నారన్నదే అసలైన కొలమానం. తాత తన గుర్తునుంచీ, మనుమరాలు తన గుర్తునుంచీ బంతిని కొట్టి, ఇద్దరూ ఒకే పచ్చికపీటను చేరి, చివరి దెబ్బకు గెలుపోటములు తేల్చుకోగలిగిననాడు ఆ నేల తన ధర్మం నిర్వర్తించినట్లు. అందుకు కావలసినది కోట్ల రూపాయలు కాదు. నాలుగు కొత్త గుర్తులూ, తెరిచిన ఒక తలుపూ చాలు.