పెద్దలు వాట్సాప్‌ల చూస్తె సంబంధం, పిల్ల ఫోన్ల చూసుకుంటె లఫడానా?

మా ఇందూరు దిక్కు ఇయ్యాల కుల సంఘాలకు వాట్సాప్ గ్రూపులున్నయి. పిల్ల ఫోటో, పుట్టిన తారీఖు, నక్షత్రం, సదువు, జీతం, ఆఖరికి తండ్రి ఫోన్ నంబర్ సుత అండ్ల పడ్తది. వందల మంది చూస్తరు. అండ్ల సగం మంది ఎవలో గ్రూపు పెట్టినోనికే ఎర్కుండదు. పైస ఖర్సు లేదు. దీన్ని మనం సంబంధం చూసుడు అంటం. అదే పిల్ల తన ఫోన్ల ఒక్క పిలగానితోని ఆరు నెలలు మాట్లాడి, "మంచోడే అనిపిస్తున్నడు" అంటె మాత్రం లఫడా అంటం.

రెండూ ఆన్‌లైనే, రెండూ ఫ్రీనే. ఫరక్ ఒక్కటే, ఫోన్ ఎవలి చేతుల ఉన్నదనేది. గీ ఫరక్ పట్టుకొని మనం చేసే లొల్లే మోసగాండ్లకు దారి ఇస్తున్నదని నేనంట.

అసలు ఫోన్ ఎందుకు నడుమల కూసున్నది? బోధన్ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937ల షురువైంది. శక్కర్‌నగర్ క్వార్టర్లల్ల ఒకరి ఇల్లు ఒకరికి ఎర్కే. పిలగాడు తాగుతడా, అప్పులున్నయా, తల్లిని మంచిగ చూస్తడా అని పక్కింట్ల అడిగితె తెలుస్తుండె. 2015 డిసెంబర్‌ల ఫ్యాక్టరీ మూతవడ్డది. గల్ఫ్ బాట అంతకు ముందు నుంచే ఉండె. ఇప్పుడు పిలగాడు మస్కట్ క్యాంపుల, పిల్ల హైదరాబాద్ హాస్టల్ల ఉంటె ఎవల్నడిగి అర్సుకోవాలె? పోరగాండ్లకు ఎచ్చులెక్కువై ఫోన్ల సంబంధం ఎతుకుతలేరు. ఊరు చెదిరింది, అందుకే ఎతుకుతున్నరు.

ఇది మన ఒక్క కాడి ముచ్చట గాదు. అమెరికల స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మైకేల్ రోజెన్‌ఫెల్డ్, ఇంకిద్దరు కలిసి 2019ల ఒక లెక్క అచ్చేసిండ్రు. 2017ల జతగూడిన ఆడ, మగ జంటలల్ల 39 శాతం ఆన్‌లైన్‌ల కల్సినోళ్లేనట. ఆడ దోస్తులు కలిపే జంటలు తగ్గినయి, ఫోన్ కలిపే జంటలు పెరిగినయి. మన దేశంల మాత్రం కులం గోడ అడ్డమున్నది. 2011-12ల చేసిన మానవాభివృద్ధి సర్వే ప్రకారం కులం దాటిన పెండ్లిళ్లు 100కు 5 దగ్గరనే. కుల సంఘం గ్రూపు కులం చూసినంకనే లోపలికి రానిస్తది. డేటింగ్ యాప్‌కు గా పట్టింపు లేదు. పెద్దల అసలు భయం ఫోన్ మీద గాదు, గిదాని మీద.

అట్లని యాప్‌లను నెత్తిన పెట్టుకోమంటలేను. ఫ్రీ అంటరు గాని, ఎక్కుడే ఫ్రీ. టిండర్ 2012ల వచ్చింది, 2015 నుంచి పైసల ప్లాన్లు పెట్టింది. నిన్ను ఎవలు మెచ్చిండ్రో చూడాల్నంటె పైసలు కట్టాలె. నీ లగ్గమైతె కంపెనీకి ఒక గిరాకి పోయినట్టే. పెండ్లిళ్ల పేరయ్య సుత పైసలు తీసుకుంటుండె. కాని సంబంధం చెడితె ఆయన ఇంటి ముంగట నిలవడి అడుగుతుంటిమి. యాప్ కంపెనీ ఇల్లు ఏడున్నది? 2016 జూన్‌ల కేంద్ర సర్కారు పెండ్లి సైట్లకు కొన్ని సూచనలు జేసింది. చేరేటోళ్ల గుర్తింపు కాయితాలు చూడాలె, గిది పెండ్లికే గాని డేటింగ్‌కు గాదని రాయాలె అన్నది. గవి పెండ్లి సైట్ల కోసం రాసినయి, డేటింగ్ యాప్‌ల కోసం గాదు.

ఇగ మోసం ముచ్చట. మోసగాడు మొదలు అడిగేది పైసలు గాదు. "మన ముచ్చట ఇంట్ల చెప్పకు" అంటడు. ఆ తర్వాతనే విదేశాల డాక్టర్‌నంటడు, నీకు పంపిన పార్సిల్ కస్టమ్స్‌ల ఆగిందంటడు, ట్రేడింగ్ యాప్‌ల పైసలు పెట్టుమంటడు. పిల్ల మోసపోయిందని తెలిసినా ఇంట్ల నోరు ఇప్పది. చెప్తె ఫోన్ గుంజుకుంటరు, సదువు బందువెడ్తరు, నెల తిరుగకముందే ఏదో సంబంధం చూసి లగ్గం జేస్తరు. గా భయమే మోసగాని పెట్టుబడి. పైసలు పోయినయని తెలిసినంక 1930కు జెల్ది ఫోన్ జేస్తెనే వాటిని ఆపే ఆశ ఉంటది. పిల్ల దాసిపెట్టిన ఒక్కొక్క దినం ఆ ఆశను తగ్గిస్తది.

ఇద్దరు మేజర్లు ఒప్పుకున్నంక ఇంటోళ్ల, కులపోళ్ల ఒప్పుదల అక్కర లేదని సుప్రీంకోర్టు 2018 మార్చిల చెప్పింది. అదే ఏడు సెప్టెంబర్‌ల మిర్యాలగూడ దవాఖాన ముంగట పట్టపగలు ఒక పిలగాన్ని నరికి సంపిండ్రు, కడుపుతోని ఉన్న భార్య కండ్ల ముంగటనే. వాళ్లు యాప్‌ల కల్సినోళ్లు గాదు, బడిల కల్సినోళ్లు. మరి అప్పుడు తప్పు ఏ ఫోన్‌ది?

గందుకే పెద్దలకు నాదొక మాట. అర్సుకునే తెలివి మీ కాడ ఉన్నది. పిల్ల వచ్చి పేరు చెప్తె "వానిది ఏ కులం" అని మొదలువెట్టకుండ్రి. "ఏం పని జేస్తడు, ఏడుంటడు, నేను అర్సుకుంట" అనుండ్రి. గల్ఫ్‌ల ఉన్నడంటె వీసా కాయితం, కంపెనీ పేరు అడుగుండ్రి, అదే క్యాంపుల మనూరోడు ఉంటె అడిగి తెలుసుకోండ్రి. గ్రూపుల వచ్చిన సంబంధానికి సుత గిదే కొల్త పెట్టుండ్రి. పిల్ల ఫోటో, నంబర్ తెల్వనోళ్ల నడుమ ఏసుడు సుత ప్రమాదమే.

పిలగాండ్లకు ఒక మాట. వీడియోల మొకం చూపియ్యనోడు, పైసలడిగెటోడు ఎవడైనా సరే, ముచ్చట ఆడికే బందు. మొదటిసారి కల్సేది పది మంది తిరిగే కాడ, ఒక దోస్తుకు చెప్పి పోవాలె. నెలలు గడిచినా తన దోస్తులకు, అక్కచెల్లెండ్లకు నిన్ను కలుపనోడు పెండ్లి దాక వస్తడని నమ్మకు. పిలగానికైనా, పిల్లకైనా ఇదే లెక్క.

ఫోన్ల పరిచయం అయితది. అది ఏండ్లకేండ్లు నిలవాల్నంటె అడిగెటోళ్లు, జామీను నిలవడెటోళ్లు కావాలె. గా పని ఇంటోళ్లు జెయ్యగలరు, ఫోన్ గుంజుకునుడు బందువెడితె.