గురువులకు గురువులు కరవు

బి.ఎడ్. కళాశాలలో భౌతిక, రసాయన శాస్త్రముల బోధనావిధానమును నేర్పువాడు ఎట్టివాడై యుండవలెనో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనలలో స్పష్టముగనే వ్రాసినది. శాస్త్రమున ఎం.ఎస్సీ., దానిపై ఎం.ఎడ్.; రెండింటను నూటికి 55 మార్కులు. ఇంత చదివినవాడు ఆ కళాశాలలో ఏల నిలువకున్నాడు?

జస్టిస్ వర్మ సంఘము 2012లో తెల్పినట్లు దేశమునందలి యిట్టి సంస్థలలో నూటికి సుమారు 90 ప్రైవేటువారివి. అందు మంచివి లేకపోలేదు. కాని పెక్కింటి యజమానులకు అధ్యాపకుని పేరు కావలెను గాని అధ్యాపకుడు అక్కరలేదు. తనిఖీ దినమున గోడపై పేరు, బల్లపై గాజు సామాను కనబడును. మరునాడు రెండును కానరావు. అదే ఎం.ఎస్సీ. పట్టముతో ఇంటర్మీడియెటు కాలేజీలో పిల్లలను ప్రవేశపరీక్షలకు తోముట కంగీకరించినచో జీతము ఎన్నియో రెట్లు. సంసారము గలవాడు పోక యేమి చేయును? వానిని నిందించుటకు మాకు నోరు రాదు.

ప్రభుత్వ సంస్థల తీరు వేరు. 1986 జాతీయ విద్యావిధానము ననుసరించి జిల్లాకొక శిక్షణ సంస్థ వెలసినది. వానికి స్వంత అధ్యాపకవర్గమును సమకూర్చుటకు మారు, ఉన్నత పాఠశాలల నుండి డిప్యుటేషనుపై మనుష్యులను తెచ్చుకొనుట తెలుగు జిల్లాలలో పెక్కేండ్లు సాగినది. ఎరువు సొమ్ము బరువు చేటు. పని చేతికి వచ్చునప్పటికి ప్రధానోపాధ్యాయ పదవి పిలుచును, ఆయన వెడలిపోవును. ఉండదలచినవానికి మాత్రము సుఖమేమి? విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్రజ్ఞునికి ఆయన వట్టి పంతులు. తోడి విద్యాతత్త్వవేత్తలకు పరాయివాడు.

ఆయన పోయిన పిమ్మట ఆ తరగతిని వేరొక సబ్జెక్టువారు నడుపుదురు. పాఠ్యపథకము వ్రాయించుట వారికి వచ్చును. పరీక్షనాళిక పట్టించుట రాదు. ప్రయోగముల రికార్డులు ఒకరిది చూచి ఒకరు దింపుకొందురు. ఆ పట్టముతో ఆ యువకుడు పల్లెటూరి బడికి పోయి, ఆమ్లమనగానేమి, క్షారమనగానేమి యని నిర్వచనములు వల్లె వేయించును. ఎదుట కూర్చున్న బాలిక పసుపునీట సున్నము కలిపి పారాణి చేయుటను ఇంట ఎన్నిమారులో చూచినది! ఆ యెఱుపే క్షారమునకు సాక్ష్యమనియు, చింతపండు పులుసు పోసినచో అది మరల పచ్చబడుననియు ఆమెకు చూపువాడు లేడు. దానికి కావలసిన ఖర్చు దమ్మిడీ లేదు. చూపుట ఆ యువకునికే ఎవరును నేర్పలేదు. ప్రయోగశాల లేదని మొఱపెట్టు బడులలో సైతము సగము కొఱత యిట్టిదేయని మా యభిప్రాయము.

2015లో బి.ఎడ్. చదువును రెండేండ్లు చేసిరి. 2030 నాటికి నాలుగేండ్ల చదువే ఉపాధ్యాయునికి కనీసార్హత కావలెనని 2020 విధానము పలుకుచున్నది. ఏండ్లు పెంచుటకు ఒక ఉత్తరువు చాలును. ఉభయ తెలుగు ప్రభుత్వములును జిల్లా సంస్థలలోని శాస్త్రాధ్యాపకులకు డిగ్రీ కళాశాలవారితో సమానమగు హోదాను, పదోన్నతిని ఏర్పరచవలెను. ప్రైవేటు కళాశాలల తనిఖీకి పోవువారు గోడమీది పేర్ల పట్టికను చదివి మరలక, ఆ పేర్లవారికి పండ్రెండు నెలలు జీతము ముట్టినదో లేదో బ్యాంకు లెక్కలలో చూడవలెను. ఆ నాలుగేండ్లును శాస్త్రము చెప్పువాడెవడో ముందు తేలవలసియున్నది.