వీడియో ఫ్రీనే, మరి కంప్యూటరో?

బీజడ్‌సీ డిగ్రీ జేసిన పిల్లలకు ఈ నడుమ ఒక మాట మస్తు ఇనవడుతున్నది. బయోఇన్ఫర్మాటిక్స్ నేర్సుకో, కొలువు ఖాయం అని. యూట్యూబ్‌ల పాఠాలున్నయి, ల్యాబ్ అక్కర్లేదు, పైస ఖర్సు గాదు అని. ఇండ్ల సగం నిజం. మిగిలిన సగం ఎవ్వలూ చెప్తలేరు గాబట్టి గిది రాస్తున్న.

ముందుగాల గిదేందో సమజ్ చేసుకుందాం. జీవి కణంల ఉండే డీఎన్ఏ నాలుగక్షరాల రాత: ఏ, టీ, జీ, సీ. మన కందిచెట్టునే తీస్కోండ్రి. పటాన్‌చెరు ఇక్రిశాట్ సైంటిస్టులు ముందుండి, 2012ల కంది జన్యుక్రమాన్ని అచ్చేసిండ్రు. సుమారు 83 కోట్ల అక్షరాల పుస్తకమది. అండ్ల 60 కోట్ల దాకా వరుసల కూర్చి, 48,680 జన్యువులున్నయని అంచనా గట్టిండ్రు. గన్ని అక్షరాలు కండ్లతోటి సదివే పనా? కరువుకు తట్టుకునే గుణం యాడ దాగున్నదో, తెగులును ఆపేది యాడున్నదో కంప్యూటర్‌తోని దేవులాడాలె. గా దేవులాటకే ఈ పెద్ద పేరు. (ఐఐటీ హైదరాబాద్ ఉన్న ఊరి పేరు గూడ కందినే, అదీ సంగారెడ్డి జిల్లానే. గా జిల్లాల ఎంతమంది డిగ్రీ పిల్లలకు ఈ ముచ్చట ఎరుక?)

ఇగ వీడియోల సంగతి. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటీఎల్‌ల ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ మైకేల్ గ్రోమిహా పాఠాలున్నయి. అమెరికాల పావెల్ పెవ్‌జ్‌నర్, ఫిలిప్ కంపో చెప్పిన పాఠాలు గూడ నెట్‌ల దొర్కుతయి. పట్నంల వేల రూపాయలు గట్టి కోచింగ్‌ల ఇనే దానికంటె ఇవి ఎంతో నయం, అండ్ల అనుమానం లేదు. ఎన్‌పీటీఎల్‌ల ఇనుడు ఫ్రీ. సర్టిఫికెట్ గావాలంటెనే ఫీజు గట్టి సెంటర్‌కు పోయి పరీక్ష రాయాలె. మార్కులల్ల వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75.

కని తమ్మీ, చెల్లే, ఈత వీడియో సూసి ఎవ్వలన్న బాయిల దుంకిండ్రా? ఈ సదువు గూడ గంతే. పాఠం ఒక గంట ఇంటె, చేతితోని రెండు గంటలు చెయ్యాలె. కరోనా వైరస్ జన్యుక్రమంతోని షురూ చెయ్యుండ్రి. 29,903 అక్షరాలే. ఎన్‌సీబీఐ అనే అమెరికా సర్కారు సైట్‌ల ఎవ్వలికైన ఫ్రీగ దొర్కుతది. అండ్ల ఏ ఎన్ని, టీ ఎన్ని అని లెక్కవెట్టే పైథాన్ కోడ్ అయిదారు లైన్లకు మించదు. తర్వాత ఒక ముక్క తీసి బ్లాస్ట్‌ల ఎయ్యుండ్రి, దాన్ని పోలిన రాత ఏ జీవిల ఉన్నదో అదే వెతికి సూపిస్తది. 1990 కాంచి లోకం వాడుతున్న సాధనం, ఫోన్ బ్రౌజర్‌ల గూడ తెరుసుకుంటది. రొజాలిండ్ అనే సైట్‌ల చిన్న లెక్కల కాంచి పెద్ద లెక్కల దాకా వరుసగ ఉంటయి. పెద్ద డేటా వస్తె గెలాక్సీ ఉన్నది, లెక్క వాళ్ల సర్వర్ల మీద నడుస్తది, మన కంప్యూటర్ పాతదైన పర్వాలేదు.

అడ్డం వచ్చేది గీడ్నే. బ్లాస్ట్ ఫోన్‌ల సూడొచ్చు గని, రోజూ కోడ్ రాసుడు ఫోన్‌తోని అయ్యే పని గాదు. ఇంట్ల ల్యాప్‌టాప్ ఉన్న కూలోళ్ల పిల్లలు ఎందరు? కాలేజీల కంప్యూటర్ గది ఉంటది, దానికి తాళం ఉంటది. రెండోది ఇంగ్లిషు. అలైన్‌మెంట్ అనంగనే పిల్లలు బెదురుతరు. రెండు రాతలను పక్కపక్కన వెట్టి యాడ కలిసినయి, యాడ తేడా వచ్చింది అని సూసుడే గది. రెండు చీరల అంచులు కలిపి సూసినట్టు. గిట్ల తెలుగుల చెప్పే సార్లు తక్కువ. అందుకే ఒక్కలు గాకుండ నలుగురు గూడి సూడాలె, ఒకలకు సమజైంది ఇంకొకలకు చెప్పాలె.

కొలువు ముచ్చట గూడ సాఫ్‌గ చెప్తున్న. ఒక సర్టిఫికెట్ సూసి జీనోమ్ వ్యాలీ కంపెనీ గేటు తెరువదు. డిగ్రీ మీద ఎమ్మెస్సీ, కోడింగ్, స్టాటిస్టిక్స్ ఉంటెనే ముంగటికి పోతరు. ఆరు నెలల్ల జీనోమ్ ఎక్స్‌పర్ట్‌ను చేస్తం అని పైసలడిగేటోళ్లను ఒక్కటి అడుగుండ్రి: మీ కాడ మేం ఏ డేటా మీద పనిచేస్తం? జవాబు నసిగితె లేసి రాండ్రి.

ఇంకో సంగతి కాలేజీలు దాచివెడుతున్నయి. యూజీసీ 2021 రూల్స్ ప్రకారం, ఒక సెమిస్టర్‌ల 40 శాతం దాకా క్రెడిట్లు స్వయం కోర్సుల తోని తెచ్చుకోవచ్చు. ఎన్‌పీటీఎల్ పాఠాలు గూడ స్వయంలనే ఉన్నయి. అంటె రాత్రి ఇంట్ల కూసొని ఇన్న పాఠం మార్కుల మెమోలకు ఎక్కే తొవ్వ ఉన్నది. మీ యూనివర్సిటీ దాన్ని ఏ కోర్సులకు ఒప్పుకుంటదో ప్రిన్సిపల్‌ను కాయితం మీద అడుగుండ్రి. గా కాయితంలనే రెండో లైన్ గూడ రాయుండ్రి: సాయంత్రం అయిదింటి కాంచి ఏడింటి దాకా కంప్యూటర్ గది తాళం తియ్యాలని.