మౌనసభ్యులు - మన బాధ్యత

మన భాషలో రెండు సామెతలున్నాయి. “అడగనిదే అమ్మైనా పెట్టదు” అంటుంది ఒకటి. “నిండుకుండ తొణకదు” అంటుంది మరొకటి. మొదటిది నోరు విప్పమని హెచ్చరిస్తుంది. రెండవది నోరు విప్పనివారిని తక్కువగా చూడవద్దంటుంది. ఈ రెండింటికీ వైరుధ్యం లేదని మా అభిప్రాయం. తొణకని కుండలో నీరున్నదన్న మాట నిజమే. కాని ఆ నీరు దప్పికగొన్నవారికి అందాలంటే ఎవరో ఒకరు కుండ దగ్గరకు వెళ్లి ముంచుకోవాలి. కళాశాలల్లో నడిచే అభిరుచి సంఘాలు ఈ చిన్న సత్యాన్ని విస్మరిస్తున్నాయన్న ఆవేదనే మా చేత ఈ నాలుగు మాటలు రాయిస్తున్నది.

పక్షుల పరిశీలన కావచ్చు, తపాలా బిళ్లల సేకరణ కావచ్చు, ఛాయాచిత్రకళ కావచ్చు, సాహిత్యం కావచ్చు. ఏ సంఘాన్ని చూచినా పరిస్థితి ఒక్కటే. పట్టికలో పేర్లు చాలా ఉంటాయి. సమావేశంలో వినిపించే గొంతులు నాలుగైదుకు మించవు. తక్కినవారు వెనుక వరుసలో కూర్చుని శ్రద్ధగా విని, హాజరు పుస్తకంలో సంతకం చేసి వెళ్లిపోతారు. మాట్లాడే ఆ నలుగురిని మేము నిందించడం లేదు. సంఘం భారమంతా మోస్తున్నవారు వారే. అయితే విద్యార్థి జీవితం మూడు నాలుగేళ్ల ముచ్చట. ఆ నలుగురూ పట్టా పుచ్చుకుని వెళ్లిన మరునాడు పట్టిక మిగులుతుంది, సంఘం మిగలదు. బీరువాలో తాళం వేసిన దుర్భిణీ, గోడమీద వెలిసిపోయిన ప్రకటన మాత్రం ఒకప్పుడు ఇక్కడ సంఘమొకటి ఉండేదని సాక్ష్యం చెబుతూ ఉంటాయి. కనుక మౌనసభ్యుల సమస్య కేవలం వారి సమస్య కాదు, సంఘం ఆయుర్దాయానికి సంబంధించిన సమస్య.

వారు ఎందుకు మాట్లాడరు? అభిమానం లేకనా? అభిమానం లేనివారు అసలు రారు. కారణాలు వేరే ఉన్నాయి. మనవంటి విద్యాసంస్థలో మొదటి కారణం భాష. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారున్నారు, తెలుగు మాట్లాడేవారున్నారు. సమావేశం మాత్రం ఇంగ్లీషులో సాగుతుంది. పాలపిట్టను చిన్ననాటి నుండీ చూచినవాడు, దాని ఇంగ్లీషు పేరు తెలియనందుకు తనకు పక్షులే తెలియవనుకుంటాడు. రెండవ కారణం నవ్వు. ఒకసారి తప్పు చెప్పి పదిమంది నవ్వితే, ఆ నవ్వు సంవత్సరం పాటు చెవిలో మోగుతుంది. మూడవది వేళ. బస్సులో దూరం నుండి వచ్చేవారికి, చీకటి పడకముందే ఇల్లు చేరవలసిన విద్యార్థినులకు సాయంకాలపు సమావేశం సగంలోనే ముగిసిపోతుంది. నాలుగవది అన్నింటికంటె లోతైనది. “నాకు తెలిసినది చాలా చిన్న విషయం, అది చెప్పదగినది కాదు” అన్న నమ్మకం. ఈ నాలుగవ కారణం ఎంత అపోహో చూపడానికి పక్షుల పరిశీలన చరిత్ర నుండి మూడు నిదర్శనాలు మనవి చేస్తాము.

భారతదేశపు పక్షిశాస్త్రానికి పితామహుడనదగిన సలీం అలీ 1896లో బొంబాయిలో జన్మించారు. సుమారు పదేళ్ల ప్రాయంలో ఆయన తన గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతుమీద పసుపుపచ్చని మచ్చ ఉంది. అది ఏ పిచ్చుక? ఆ ప్రశ్నకు సమాధానం కోసం మేనమామ ఇచ్చిన పరిచయంతో 1883లో స్థాపితమైన బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లారు. చేతిలో చచ్చిన పిట్టతో దొరగారి గది గుమ్మంలో నిలిచిన కుర్రవాని గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో ఊహించుకోవచ్చు. అప్పటి గౌరవ కార్యదర్శి మిల్లర్డు అతనిని కసురుకోలేదు. “పెద్దవాడివయ్యాక రా” అనలేదు. పిట్ట పేరు చెప్పారు, సొరుగులు లాగి సొసైటీ సేకరించిన పక్షులను చూపించారు, చదువుకోవడానికి పుస్తకాలిచ్చారు. ఆ కుర్రవాడే పెరిగి పెద్దవాడై 1931-32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేశారు. 1941లో భారతీయ పక్షులపై ప్రసిద్ధ గ్రంథం వెలువరించారు. 1976లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1985లో ప్రచురించిన తన ఆత్మకథకు ఆ పిచ్చుక పేరుమీదుగానే నామకరణం చేశారు. సలీం అలీ ప్రతిభ సలీం అలీదే, కాదనము. కాని ఆ రోజు గుమ్మంలో నిలిచిన పిల్లవానిని లోనికి పిలిచిన పుణ్యం మిల్లర్డుది. ప్రతి సంఘానికీ ఒక సలీం అలీ దొరకకపోవచ్చు. ఒక మిల్లర్డు మాత్రం ఉండి తీరాలి.

రెండవ నిదర్శనం మన కడప జిల్లాది. జెర్డాన్ అనే వైద్యుడు పందొమ్మిదవ శతాబ్దంలో మొదటిసారి శాస్త్రలోకానికి తెలియజేసిన ఒక అరుదైన పక్షి ఉన్నది. 1900 తరువాత దానిని చూచినట్లు పరిశీలకుల పుస్తకాల్లో ఎక్కడా నమోదు లేదు. వెదికినవారికి కనబడలేదు. అది అంతరించిపోయిందనే చాలామంది భావించారు. అయితే 1980లలో బొంబాయి సొసైటీ పరిశోధకులు పక్షి బొమ్మ పట్టుకుని పల్లెలకు వెళ్లి, పిట్టలు పట్టి జీవించేవారిని అడిగారు. అడిగిన ఫలితంగా 1986 జనవరిలో అటువంటి వ్యక్తి ఒకరు రాత్రివేళ ఆ పక్షిని సజీవంగా పట్టుకుని తెచ్చారు. శాస్త్రగ్రంథాలు దాదాపు 86 ఏళ్లపాటు పోగొట్టుకున్న పక్షికి అక్కడి ప్రజల నోట “కలివికోడి” అన్న చక్కని తెలుగు పేరు ఉండనే ఉన్నది. పేరున్నదంటే తెలిసినవారున్నారన్న మాట. తెలిసినవారు ఎందుకు చెప్పలేదు? ఎవరూ అడగలేదు గనుక. తమకు తెలిసినది పండితులకు పనికివచ్చే విషయమని వారికి ఎవరూ చెప్పలేదు గనుక. సమావేశంలో వెనుక వరుసలో కూర్చున్న విద్యార్థి మనసులో ఏ కలివికోడి దాగి ఉన్నదో అడగకుండా మనకెలా తెలుస్తుంది?

“మాకు అంత అపురూపమైనవి ఏమీ తెలియవు, కాకి, గోరింక, పావురం తప్ప వేరేమీ చూడలేదు” అని కొందరు అనవచ్చు. మూడవ నిదర్శనం వారికోసమే. భారతదేశపు పక్షుల స్థితిగతులపై 2023లో వెలువడిన నివేదికలో 942 జాతులను పరిశీలించారు. దానికి ఆధారం దాదాపు 30,000 మంది అభిరుచిపరులు పంపిన సుమారు 3 కోట్ల పరిశీలనలు. ఈ 30,000 మందిలో వేదికనెక్కి ఉపన్యసించినవారు ఎందరుంటారు? అత్యధికులు ఏదో ఒక ఉదయం చెరువుగట్టునో, మిద్దెమీదనో నిలిచి, తాము చూచినవి లెక్కపెట్టి పంపినవారే. తెలంగాణ రాష్ట్రపక్షి, దసరానాడు మనవారు దర్శనం కోసం ఎదురుచూచే పాలపిట్ట సంఖ్య తగ్గిపోతున్నదన్న హెచ్చరిక ఆ చిన్న చిన్న జాబితాల నుండే పుట్టింది. అరుదైన పక్షిని చూచి అందరూ రాస్తారు. సామాన్యమైన పక్షిని చూచి రాసేవారే తక్కువ. పిచ్చుకలు ఎంత తగ్గాయని ఈనాడు ప్రశ్నించుకుంటే కచ్చితమైన జవాబు దొరకడం కష్టమవుతున్నది. అవి చూరుచూరుకూ గూళ్లు కట్టిన రోజుల్లో వాటిని లెక్కపెట్టాలని తోచినవారు అరుదు. కనుక “గోరింకలు ఆరు, కాకులు పదకొండు” అన్న ఒక్క పంక్తి కూడా చరిత్రకు చేర్పే. చెప్పదగని చిన్న విషయమంటూ ఈ రంగంలో లేదు.

మౌనులకు చోటు కల్పించే విద్య మనకు కొత్తదేమీ కాదు. ముషాయిరా సంప్రదాయాన్ని చూడండి. శమా ఒక్కొక్క కవి ముందుకు వస్తుంది. వెలుగు తన ముందుకు వచ్చినప్పుడు చదవడం ఆ కవి వంతు. పోటీపడి గొంతు పెంచవలసిన అవసరం లేదు. అంతకంటె ముఖ్యం, ముందుగా చదివేది కొత్తవారు. ఉస్తాదులు చివర చదువుతారు. ఉస్తాదు చదివిన తరువాత కొత్తవాడు నోరు తెరవగలడా? ఈ రహస్యం మన పెద్దలకు తెలుసు. ఇక అష్టావధానాన్ని చూడండి. సమస్య ఇచ్చేవారు, దత్తపది ఇచ్చేవారు, అప్రస్తుత ప్రసంగం చేసేవారు మాటకారులు. కాని వారి నడుమ మధ్యమధ్య గంట కొడుతూ కూర్చునే పృచ్ఛకుడొకరుంటారు. ఆయన ఒక్క పద్యమైనా అడగరు. అయినా ఆయన గంటలను లెక్కించి చెప్పనిదే అవధానం పూర్తి కాదు. ఒక సంప్రదాయం వంతు ఇచ్చింది, మరొకటి పని ఇచ్చింది. వంతు, పని - ఈ రెండూ ఇస్తే చాలు; ఉపన్యాసాల కంటె, ఉద్బోధల కంటె అవి శక్తిమంతమైనవి.

మౌనం వారి స్వభావం, దానిని భంగపరచే అధికారం మనకెక్కడిదని కొందరు మిత్రులు వాదిస్తారు. ఈ వాదంలో న్యాయం లేకపోలేదు. అందరినీ వక్తలుగా మార్చాలన్నది మా ఉద్దేశం కాదు. పక్షుల పరిశీలనలో నిశ్శబ్దం లోపం కాదు, అర్హత. మాటకారి అడుగుల చప్పుడుకు ఎగిరిపోయిన పిట్ట, మాట్లాడనివాని ఎదుట కొమ్మమీద నిలుస్తుంది. ఉన్నట్టుండి పేరు పెట్టి పిలిచి, పదిమంది ముందు నిలబెట్టి, “నీవెందుకు మాట్లాడవు?” అని నిలదీయడం ప్రోత్సాహం కాదు, శిక్ష. కాని నోరు మూసుకుని ఉండడం వేరు, నోరు మూయబడి ఉండడం వేరు. మొదటిదానిని గౌరవించాలి, రెండవదానిని తొలగించాలి. ఆ రెండింటి భేదం గుర్తించడమే సంఘం నడిపేవారి వివేకం.

ఇక చేయవలసిన పనులు. ఇవి డబ్బుతో కూడినవి కావు గనుక కళాశాల కమిటీ పెద్దలు మా మనవిని సులభంగానే అంగీకరించగలరని ఆశిస్తున్నాము. మొదటిది, గ్రంథాలయంలో అందరికీ అందుబాటులో ఒక పరిశీలన పుస్తకం ఉంచాలి. ఎవరైనా, ఏ వేళనైనా, ఉర్దూలోగాని, తెలుగులోగాని, ఇంగ్లీషులోగాని తాము చూచినది రాయవచ్చు. ‘నీల్‌కంఠ్’ అని రాసినా, ‘పాలపిట్ట’ అని రాసినా పక్షి ఒక్కటే. ఇందులో ఒక ఆనందం కూడా ఉన్నది. ఉర్దూ కవిత్వంలోని బుల్‌బుల్ పారశీక దేశపు తోటల నుండి వచ్చిన గాయకపక్షి. మన ఆవరణలో కనిపించే బుల్‌బుల్ తెలుగువారి పిగిలిపిట్ట. ఈ సంగతి ఇద్దరు మిత్రులు ఒకే పుటలో చదివి తెలుసుకుంటే అంతకంటె చదువేమున్నది? రెండవది, సమావేశాల్లో కొత్తవారిది ముందు, పాతవారిది వెనుక అన్న ముషాయిరా మర్యాదను పాటించాలి. మూడవది, ప్రతి సభ్యునికి ఒక పని ఉండాలి; ఒకరు సమయం చూడాలి, ఒకరు సంఖ్య రాయాలి, ఒకరు దుర్భిణీ భద్రపరచాలి. నాలుగవది, నెలకొక సమావేశమైనా మధ్యాహ్న విరామంలో జరగాలి. ఐదవది, ఏటా ఫిబ్రవరిలో దేశమంతటా విద్యాసంస్థల ఆవరణల్లో నాలుగు రోజులపాటు జరిగే పక్షుల లెక్కింపులో మన కళాశాల కూడా పాల్గొనాలి. కనీసం 15 నిమిషాలు నిలిచి చూచి రాస్తే చాలు. ఆ జాబితాలను రాసినవారి పేర్లతో వచ్చే సంవత్సరపు సంచికలో ప్రచురించాలి. అచ్చులో తన పేరు చూచుకున్న విద్యార్థి మరుసటి ఏడు వెనుక వరుసలో కూర్చోడు. కూర్చున్నా, సంఘం తనదని తెలిసి కూర్చుంటాడు.

ముందు వరుసలోని మిత్రులకు మా విన్నపం ఒక్కటే. మీరు మాట్లాడి ముగించిన తరువాత కొంచెంసేపు ఆగండి. ఆ నిశ్శబ్దం మీకు ఇబ్బందిగా తోచవచ్చు. కాని మొదటిసారి మాట్లాడబోయేవారికి ఆ కొద్దిపాటి వ్యవధి అవసరం. ఎవరైనా తప్పు పేరు చెబితే నవ్వకండి. పక్షిని తామూ చూచామని చెప్పి, సరైన పేరు మెల్లగా జత చేయండి.

వెనుక వరుసలోని సోదర సోదరీమణులకు మరొక మాట. మిమ్ములను ఉపన్యసించమని ఎవరూ అడగడం లేదు. రేపు ఉదయం బస్సు కోసం నిలుచున్నప్పుడు తీగమీద ఏ పిట్ట వాలిందో చూడండి. దాని పేరు తెలియకపోతే రంగు రాయండి, తోక పొడవు రాయండి, అది ఎన్నిమార్లు అరిచిందో రాయండి. గొంతుమీద ఉన్న ఒక పసుపుపచ్చని మచ్చను గమనించి అడగడంతోనే ఒక మహనీయుని జీవితం మలుపు తిరిగింది. పుస్తకం గ్రంథాలయంలో ఉంటుంది. మీకోసం ఒక పుట ఖాళీగా ఉంటుంది.